ఇటుకల పండుగ, థింసా, ఇంకా మేము మర్చిపోయిన అడుగులు



ఈ పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి. మేము ఆరుగురం భీమిలిలో గది తీసుకుని చదువుకుంటున్నాం. అరకు, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట మండలాల నుంచి వచ్చినవాళ్ళం. బగత, కొండదొర, వాల్మీకి, పోర్జ, గదబ ఇళ్ళ పిల్లలం. ఆరుగురం కలిసి రాస్తున్నాం కాబట్టి అక్కడక్కడా మాట తీరు మారితే ఏమనుకోకండి.

సంగతి ఎక్కడ మొదలైందంటే, ఒక సాయంత్రం ఇక్కడ సముద్రం ఒడ్డున వేదిక కట్టి కార్యక్రమాలు పెట్టారు. సినిమా పాటలు అయ్యాయి, మిమిక్రీ అయ్యింది, తర్వాత థింసా అన్నారు. మన అక్కలు పద్నాలుగు మంది ఎక్కారు. ఏడు నిమిషాలు ఆడారు. సన్నాయి బదులు కీబోర్డు, తుడుము బదులు ప్యాడ్. దిగిపోయాక మెమెంటో ఇచ్చి ఫోటో తీశారు. మా పక్కన కూర్చున్న ఒకాయన మా మాట విని "మీరు ఆ అరకు వైపు వాళ్ళేనా? మరి మీరూ ఎక్కాల్సింది" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. మేమూ నవ్వేశాం.

గదికొచ్చాక మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. మాలో ఎంతమందికి నిజంగా ఆడటం వచ్చు అని లెక్క వేసుకుంటే ఒక్క చెల్లికే వచ్చు. అది కూడా మూడు రకాలు. మిగతా అయిదుగురం ఆశ్రమ పాఠశాలలో ఆగస్టు 15కి నేర్పిన నాలుగు అడుగులు తప్ప ఏమీ ఎరగం. ఒకడైతే తన ఊరి ఆట యూట్యూబ్‌లో చూసి నేర్చుకోబోయానని ఒప్పుకున్నాడు. ఆరో ఏట హాస్టల్లో పడ్డవాళ్ళం, చైత్రంలో పరీక్షలు, పండక్కి సెలవు లేదు. ఇలా పన్నెండేళ్ళు, పదిహేనేళ్ళు గడిచాక ఎవరికైనా ఏం గుర్తుంటుంది?

అందుకే ఈసారి చైత్రానికి ఊరెళ్ళాలి, పండుగ మొత్తం చూడాలి, వెళ్ళే ముందు దాని గురించి దొరికింది చదవాలి అనుకున్నాం. చదివింది, చూసింది రెండూ ఇక్కడ రాస్తున్నాం.

ముందు భీమిలి సంగతి. మనలో చాలామంది భీమిలి అంటే మైదానం వాళ్ళ ఊరు, మనకేం సంబంధం అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ ఇక్కడ సముద్రంలో కలిసే గోస్తని నది ఎక్కడ పుట్టింది? అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల కింద పారేది అదే నీరు. తాటిపూడి దగ్గర ఆగి కొంత విశాఖ కుళాయిల్లోకి పోయి, మిగిలింది ఇక్కడికొస్తుంది. మేము వంతెన మీద నిలబడి చూసే నీళ్ళు మా ఊళ్ళ వాగుల నీళ్ళే.

నీళ్ళొక్కటే కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తకం పెట్టారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, మేము సాయంత్రాలు అటే నడుస్తాం. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. 1861లో మునిసిపాలిటీ అయ్యింది, దేశంలోనే పాత మునిసిపాలిటీల్లో ఇదొకటి. ఓడలు ఇక్కడి నుంచి గోగునార పట్టుకెళ్ళేవి. ఆ నారకు ప్రపంచ వర్తకంలో బిమ్లీ జూట్ అనే పేరే పడింది. నారతోపాటు నూనెగింజలు, కరక్కాయలు కూడా ఎగుమతి అయ్యేవి. కరక్కాయ ఎక్కడ కాస్తుందో మీకు చెప్పక్కర్లేదు. మన అవ్వలు తాతలు అడవిలో ఏరి, సంతలో ఉప్పుకీ బట్టకీ మార్చుకున్న కరక్కాయ, చేతులు మారి మారి తోలు పరిశ్రమ కోసం యూరప్ చేరింది. అంటే మనకంటే ముందు మన కరక్కాయలు భీమిలి చూశాయన్నమాట. సంతలో మోసాలు ఆపాలని 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. అది వేరే పోస్టు రాయాల్సినంత కథ, ఇక్కడ వదిలేస్తాం.

సరుకు కిందికొచ్చింది, రాసేవాళ్ళు పైకెళ్ళారు. 1907లో ఫ్రాన్సిస్ అనే అధికారి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ రాశాడు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశారు. మన పేర్లన్నీ అందులో ఉన్నాయి. థర్‌స్టన్‌కి ఒక అలవాటు ఉండేది, కనపడ్డవాళ్ళ తలలూ ముక్కులూ కొలిచేవాడు. చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. అయినా చదవాల్సిందే. ఎందుకంటే గదబ ఆడవాళ్ళు చెట్టు నారతో నేసుకున్న కెరంగు బట్ట ఎలా ఉండేదో, చెవులకు ఎంత పెద్ద ఇత్తడి తీగ చుట్లు పెట్టుకునేవారో చూడాలంటే ఆ కాలపు రాతలు, ఫోటోలే మిగిలాయి. మాలో గదబ అమ్మాయి ఆ ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అవ్వకి ఆ చెవి సాగిన గుర్తు ఉండేది, మేం నవ్వేవాళ్ళం" అంది.

మన గురించి ప్రేమతో రాసినవాళ్ళు కూడా ఉన్నారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టి, పుస్తకాలు, నిఘంటువు చేశాడు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజున చేస్తారు, కానీ సవర కోసం ఆయన పడ్డ కష్టం ఆ సభల్లో ఒక వాక్యంలో ముగిసిపోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల కూబి భాష మీద పనిచేసి 1969లో పుస్తకం తెచ్చాడు. మాలో కొండదొర తమ్ముడికి కూబి రాదు. వాళ్ళ తాతకు వచ్చు. ఆ పుస్తకం వచ్చినప్పుడు తాతకి పదేళ్ళుంటాయి. అంటే భాష పుస్తకంలోకి ఎక్కిన తర్వాతే ఇంట్లోంచి దిగిపోయింది.

ఇక పండుగ.

మైదానం వాళ్ళకు చైత్రం అంటే ఉగాది ఒక్కరోజు. మనకు చైత్రం అంటే నెల. ఇటుకల పండుగ అంటాం, చైత్ర పండుగ అంటాం, మన ఆదివాసీ ఒడియాలో చైత్ పొరోబ్. ఏ రోజు మొదలెట్టాలో ఊరి పెద్దలు, పూజారి కూర్చుని చెబుతారు. అందుకే ఒక ఊళ్ళో అయిపోయాక పక్క ఊళ్ళో మొదలవుతుంది, చుట్టాలు తిరగడానికీ కుదురుతుంది. ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి గ్రామదేవత దగ్గర పెట్టి పూజ చేస్తారు. ఆ విత్తనం పంచుకుని పొలంలో వెయ్యాలి. పూజ కాకముందు పొలం పని మొదలెట్టరు. తర్వాత మగవాళ్ళు అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళు ఊళ్ళో ఉండి దారికి అడ్డంగా కర్రో తాడో కట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర పజోరు వసూలు చేస్తారు. రాత్రుళ్ళు థింసా.

వేట గురించి నూరేళ్ళ కిందటి ఇంగ్లీషు రాతల్లో కూడా ఒక ముచ్చట రాసి ఉంది. ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద ఊరి ఆడవాళ్ళు పేడ కొట్టేవాళ్ళు. తిరిగి ఏమీ అనకూడదు. మా అవ్వలు చెప్పేదీ అదే, పేడ నీళ్ళు పోసి ఊళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదని. రాసిన దొరలకు ఇది వింత. మాకు ఇందులో ఇంకొకటి కనిపించింది. ఏడాది పొడుగునా మాట పడే ఆడది, ఊరందరి ముందు మొగుణ్ణీ బావనీ నిలబెట్టి "ఏం తెచ్చావు?" అని అడిగే రోజు అది. మగవాళ్ళు వేటకు పోయిన ఆ రోజుల్లో ఊరూ, దారీ, డబ్బూ అన్నీ ఆడవాళ్ళ చేతిలో ఉంటాయి. దీన్ని సరదా అని కొట్టిపారేయకూడదని మా అభిప్రాయం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది. జంతువులు కూడా ఎక్కడున్నాయి, అడవే కరిగిపోయింది. ఇప్పుడు మా ఊళ్ళలో వేట అంటే విల్లు పట్టుకుని కాసేపు కొండెక్కి దిగడమే. జంతువును చంపకూడదన్నది మంచిదే, దాని మీద మాకు గొడవ లేదు. కానీ చట్టం రాసినవాళ్ళకు ఆ వేట వెనక ఒక నెల రోజుల పండుగ ఉందని తెలిసి ఉంటుందా అని మాత్రం అనిపిస్తుంది.

మేము బయల్దేరింది తగరపువలస, విజయనగరం, ఎస్.కోట మీదుగా. రైలెక్కితే విశాఖ వెళ్ళాలి. ఆ రైలు మార్గం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 1960లలో వేశారు. మన అరకు చూపించడానికి కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దింపి జపాన్ పంపడానికి. సొరంగాలు తవ్వినచోట మన తాతలు కూలికి పోయారు. ఆ తర్వాత అదే పట్టాల మీద పర్యాటకులు వచ్చారు, 2017లో అద్దాల పెట్టె కూడా తగిలించారు. కరక్కాయ కథే మళ్ళీ, సరుకు మారిందంతే.

ఘాట్ దిగాక ఒక మలుపులో మా బస్సుకు తాడు అడ్డం వచ్చింది. పది పన్నెండు మంది ఆడవాళ్ళు, చిన్నపిల్లలు, ఇద్దరు ముసలివాళ్ళు. పాట పాడుతూ నిలబడ్డారు. డ్రైవరన్న అలవాటుగా ఇరవై తీసిచ్చాడు. వెనక సీట్లో ఒక పెద్దమనిషి "ఇదేం అడుక్కోవడమండీ, ప్రభుత్వం అన్నీ ఇస్తోంది కదా" అన్నాడు. మేము చదువుకున్నవాళ్ళం కదా, నోరు తెరవలేదు. తాడు పట్టుకున్న అవ్వ కిటికీ దగ్గరికొచ్చి, తెలుగులోనే, "బాబూ, మా ఊరి మీంచి పోతన్నావు, పండగనాడు పలకరించి పోవా?" అంది. ఆయన పది ఇచ్చాడు. పది తక్కువని ఆవిడ నవ్వింది, ఆయనా నవ్వాడు. అక్కడితో అయిపోయింది. కానీ మేము మాట్లాడాల్సిన మాట అవ్వ మాట్లాడింది.

అన్ని బండ్ల దగ్గరా ఇలా నవ్వులతో ముగియదు, అదీ ఒప్పుకోవాలి. కొన్నిచోట్ల కుర్రాళ్ళు తాగి వచ్చి కారు అద్దాలు కొట్టడం, ఎక్కువ అడగడం మేమే చూశాం. పజోరు ఆడవాళ్ళది. అందులో మగవాళ్ళు దూరితే అది పండుగ కాదు, దందా. మన సంఘాలు ఈ మాట గట్టిగా అనాలి.

అరకులో ముందు గిరిజన మ్యూజియంకి వెళ్ళాం. 1996లో పెట్టారు. పీసా చట్టం వచ్చింది కూడా అదే ఏడాది, గుర్తు పెట్టుకోవడానికి తేలిక. మట్టి పూసినట్టు కట్టిన గోడలు, లోపల బొమ్మలు. పెళ్ళి, వేట, సంత, వాయిద్యాలు, వంట. బొమ్మలు బాగానే చేశారు. ఒక థింసా వరుస బొమ్మ ముందు ఎవరో పిల్లాడు వాళ్ళమ్మని "వీళ్ళు ఇప్పుడు ఉన్నారా?" అని అడిగాడు. మేము అయిదడుగుల దూరంలో ఉన్నాం. జీన్సు ప్యాంట్లు వేసుకుని.

సాయంత్రం ఒక పర్యాటక విడిదిలో నెగడు వేసి థింసా పెట్టారు. టికెట్టు లోపలే కలిపేశారు. ఆడినవాళ్ళలో ఇద్దరు మాకు వరసకు పిన్నులు. ఆటలో తప్పు లేదు. పదిహేను నిమిషాలకు అయిదు రకాలు చుట్టేశారు. చివర్లో పర్యాటకుల్ని రమ్మన్నారు, వాళ్ళు సెల్ఫీలు తీసుకుంటూ గెంతారు. అయిపోయాక పిన్ని దగ్గర కూర్చుని ఎంతొస్తుందని అడిగాం. చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయం, ఎందుకంటే రాస్తే ఆ పనీ పోతుందని భయపడింది. "పిన్నీ, ఇలా ఆడటం నీకు కష్టంగా లేదా?" అంటే, "కూలికి పోతే నడుం వంగుద్ది, ఇక్కడ చేయి చేయి పట్టుకుంటాం గదా" అంది. వేదిక మీద థింసాని తిట్టిపోయడం తేలిక. మా పిన్నికి అది పని. ఆ పనికి సరైన కూలి అడగాలి గానీ, ఆడొద్దు అనే హక్కు మాకు లేదు. ముఖ్యంగా మాకు అసలు ఆడటమే రానప్పుడు.

ఇక్కడ కాస్త దూరం పోయి ఒక సంగతి చెప్పాలి. మాలో ఒకక్క గ్రూప్స్‌కి చదువుతోంది. యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలు బట్టీపడుతుంటే 2011లో హంగరీ దేశానిది ఒకటి తగిలింది. దాని పేరు తాంత్స్‌హాజ్, అంటే ఆట ఇల్లు. తర్వాత దొరికిందంతా చదివాం.

హంగరీ చిన్న దేశం. చుట్టూ స్లావు భాషలు, జర్మన్, రొమేనియన్. మధ్యలో వాళ్ళ భాష ఏ పొరుగువాడికీ చుట్టం కాదు. చుట్టూ తెలుగు, ఒడియా ఉండగా మన గుతోబ్ గదబ భాష ముండా కుటుంబంలో ఒంటరిగా ఉన్నట్టే. అక్కడా వసంతం పండుగల కాలం. ఈస్టర్ మర్నాడు హోలోకో అనే పల్లెలో అబ్బాయిలు సంప్రదాయ బట్టల్లో ఉన్న అమ్మాయిల మీద బకెట్లతో నీళ్ళు కుమ్మరిస్తారు. మన దగ్గర అమ్మాయిలు అబ్బాయిల మీద పేడనీళ్ళు పోస్తారు కదా, ఈ విషయంలో మనదే మెరుగు అని మా అక్క తీర్పు.

వాళ్ళ పాటలను మొదట యంత్రంలో పట్టింది బేలా వికార్, 1896లో, మైనపు గొట్టాల మీద. తర్వాత బార్తోక్, కొడాయ్ అనే ఇద్దరు సంగీతకారులు ఊరూరా తిరిగి వేల పాటలు సేకరించారు. 1920 ఒప్పందంతో వాళ్ళ దేశం ముక్కలై, పాటలు బాగా బతికి ఉన్న ట్రాన్సిల్వేనియా ఊళ్ళు రొమేనియాలోకి పోయాయి. ఇది చదివినప్పుడు మాకు 1936 ఏప్రిల్ 1 గుర్తొచ్చింది. ఆ రోజున ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, అప్పటిదాకా విశాఖ జిల్లా ఏజెన్సీలో ఉన్న కోరాపుట్, జయపురం అటు పోయాయి. మన పోర్జ, గదబ, కోంధు చుట్టరికాలు గీతకు అటూ ఇటూ అయ్యాయి. అప్పటి నుంచి పెళ్ళిచూపులకు పోవాలన్నా రాష్ట్రం దాటడమే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత హంగరీలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. చిన్న పట్నాలకు, పల్లెలకు కూడా సంస్కృతి భవనాలు కట్టారు. ప్రభుత్వ జానపద నృత్య బృందం పెట్టారు. ఒకే రకం బట్టలు, ఒకే ఎత్తు గెంతులు, పెద్ద ఆర్కెస్ట్రా. జనం కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టాలి. పల్లెటూళ్ళలో మాత్రం అసలు ఆటలు ముసలివాళ్ళతో పాటు పోతున్నాయి. భీమిలి వేదిక గుర్తొచ్చిందా?

1972 మే 6న బుడాపెస్ట్‌లో కొంతమంది కుర్రాళ్ళు ఒక పని చేశారు. షెబో, హాల్మోష్ అనే ఇద్దరు వాయిద్యకారులు, తిమార్ అనే నాట్యగురువు, మార్తిన్ అనే పరిశోధకుడు వీళ్ళ వెనక ఉన్నారు. ట్రాన్సిల్వేనియాలో సేక్ అనే ఊళ్ళో కుర్రకారు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, వాయిద్యకారులకు డబ్బులిచ్చి, వారం వారం ఆడుకునేవాళ్ళు. అదే పద్ధతి పట్నంలో పెట్టారు. వేదిక లేదు, ప్రేక్షకులు లేరు. వచ్చినవాడికి ముందు అడుగులు నేర్పుతారు, తర్వాత అందరితో కలిసి ఆడాలి. మొదట నృత్య బృందాల వాళ్ళకే అనుకున్నది తర్వాత ఎవరైనా రావచ్చు అన్నారు. ప్రభుత్వం కట్టిన ఆ సంస్కృతి భవనాల్లోనే కుర్చీలు పక్కకు జరిపి ఆడారు. నేర్చుకోవడానికి సేక్ లాంటి ఊళ్ళకు పోయి ముసలివాళ్ళ ఇళ్ళల్లో ఉండి చూసేవాళ్ళు. నలభై ఏళ్ళ తర్వాత యునెస్కో దాన్ని మంచి పరిరక్షణ పద్ధతుల చిట్టాలో చేర్చింది. గమనించండి, అక్కడ గుర్తింపు వచ్చింది ఒక ఆటకు కాదు, ఆట నేర్పే పద్ధతికి.

అయితే అక్కడ అంతా పాలూ తేనె కాదు. ఆ ఊళ్ళలో ఫిడేలు వాయించేవాళ్ళు చాలామంది రోమా జాతివాళ్ళు. పెళ్ళిలో వాళ్ళు లేనిదే ఆట లేదు, ఊళ్ళో మాత్రం వాళ్ళు కిందివాళ్ళు. ఇది చదివి మేము ఆరుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మన దగ్గర మోరి ఊదే చెయ్యి, తుడుము కొట్టే చెయ్యి ఎవరిది? పండుగ నడిపించేది వాళ్ళు, పంక్తిలో చివర కూర్చునేదీ వాళ్ళే. పాత గెజిటీర్లు కూడా వాయించేవాళ్ళను, నేసేవాళ్ళను తక్కువ చేసే రాశాయి. దొరల్ని తిట్టి మన వంతు దాచుకుంటే ఎలా? ఈ మాట ఈ గ్రూపులో కొందరికి నచ్చకపోవచ్చు. అయినా రాస్తున్నాం.

మూడో రోజు మాలో ఒకరి ఊరు చేరాం. బస్సు దిగి నాలుగు కిలోమీటర్ల నడక. పూజ అప్పటికే అయ్యింది, వీధిలో ఊయల కట్టి ఉంది, పిల్లలు వంతులకు కొట్టుకుంటున్నారు. రాత్రి తొమ్మిదికి మొదలైన థింసా ఎప్పుడు ఆగిందో మాకు తెలీదు, మేము ఒంటిగంటకు అలిసి పడిపోయాం.

అక్కడ అర్థమైంది వేదిక మీద ఏం పోయిందో. అడుగులు అవే. పోయింది కాలం. బొడ థింసా గ్రామదేవత కోసం ఆడేది, దాన్ని తొందరపెట్టరు. గుండేరిలో మగవాడు పిలుస్తాడు, ఆడవాళ్ళు రావాలా వద్దా అని ఆలోచించుకోవడానికి కూడా టైము ఉంటుంది. పొటర్ తోలలో ఆకులు ఏరడం, భాగ్ థింసాలో పులి నుంచి తప్పించుకోవడం. కుండ థింసాలో భుజాలతో నెట్టుకుంటూ ఊగుతారు, అందులో నవ్వులే ఎక్కువ. గొడ్డిబేటలో వంగి లేచే వరుసకు ఊపిరి కావాలి, మాకు రెండో చుట్టుకే ఆయాసం వచ్చింది. వరుసలో చివర పట్టుకున్నది డెబ్బై ఏళ్ళ అవ్వ. పక్కవాళ్ళ నడుము వెనక నుంచి చెయ్యి వేసి పట్టుకుంటారు కదా, ఆ పట్టులోనే నేర్పేస్తారు. అడుగు తప్పితే నోటితో చెప్పదు, మన నడుం మీద చేత్తో నొక్కుతుంది. ఎటు తిరగాలో ఒంటికి తెలుస్తుంది. ఇది యూట్యూబ్‌లో రాదు.

మోరి ఊదిన తాతకు ఇద్దరు కొడుకులు. ఒకరు విశాఖలో వాచ్‌మన్, ఒకరు భవనాల పనికి చెన్నై. ఇద్దరికీ మోరి రాదు. ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు ఈ తాతే. మర్నాడు పొద్దున ఆయన్ని అడిగి, ఒప్పుకున్నాక, ఫోనులో రికార్డు చేసుకున్నాం. రెండు గంటలు. ఏ రకానికి ఏ వరసో ఆయన నోటితోనే చెప్పించి పట్టాం. "ఇది ఎక్కడైనా పెట్టొచ్చా తాతా?" అంటే, "ఆడుకోడానికైతే పెట్టండి, అమ్ముకోడానికైతే నాకు చెప్పండి" అన్నాడు. అందుకే ఆ రికార్డు ఈ గ్రూపులో పెట్టడం లేదు. గ్రూపులో పెడితే ఎవరి రీల్‌లోకి పోతుందో మన చేతిలో ఉండదు. కావాల్సినవాళ్ళు మా దగ్గరికొచ్చి విని నేర్చుకోండి. ఆయన పేరు, ఊరు, ఏ రకం, ఏ తేదీ అన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టాం. థర్‌స్టన్ కొలిచిన తలలకు పేర్లు లేవు. మా నోటుబుక్కులో పేరు ఉంటుంది.

భీమిలి తిరిగొచ్చి ఆరు ఆదివారాలు అయ్యింది. మొదటి వారం మేము ఆరుగురమే. ఇసుకలో ఆడబోతే అడుగు కూరుకుపోయి చప్పుడే రాలేదు, తాళం తప్పింది. థింసాకి గట్టి నేల కావాలి, అడుగు చప్పుడే సగం వాయిద్యం. రెండో వారం ఒక స్నేహితుడి ఇంటి డాబా మీద పెట్టాం, కింద ఇంటివాళ్ళు పైకొచ్చారు. తిడతారనుకున్నాం. వాళ్ళమ్మాయి కూడా ఆడతానంది. ఆమె మన పిల్ల కాదు, జాలరి వాళ్ళ అమ్మాయి. చేర్చుకోవాలా వద్దా అని మాలో మాకు పెద్ద వాదన అయ్యింది. మనది బయటివాళ్ళకు ఇస్తే మళ్ళీ అదే వేదిక అవుతుందని ఇద్దరు. వరుసలో చెయ్యి కలిపి నేర్చుకునేవాళ్ళు బయటివాళ్ళు ఎలా అవుతారని ముగ్గురు. ఒకడు తటస్థం. ఆ అమ్మాయి ఇప్పుడు వస్తోంది, వాదన ఇంకా నడుస్తోంది. మీ అభిప్రాయం కింద రాయండి.

ఇప్పటికి పదకొండు మందిమయ్యాం. బొడ థింసా, గుండేరి వచ్చాయి. గొడ్డిబేట ఇంకా కుదరలేదు. తాతను ఒకసారి భీమిలి తీసుకురావాలని ఉంది. రానుపోను ఖర్చు, రెండు రోజుల కూలి, మంచి భోజనం. నెలకు తలా వంద వేసుకుంటున్నాం. ఆయన్ని కూర్చోబెట్టేది మొదటి పంక్తిలో అని ఇప్పుడే రాసి పెట్టుకున్నాం.

విశాఖ, తగరపువలస, భీమిలి చుట్టుపక్కల చదువుకుంటున్న మనవాళ్ళు ఎవరైనా రావచ్చు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర. చెప్పులు బయట విడవండి. గజ్జెలు ఉంటే తెచ్చుకోండి, లేకపోయినా ఫర్వాలేదు. మీ ఊళ్ళో మోరి ఊదే తాత ఎవరైనా ఉంటే, వచ్చేముందు ఆయన దగ్గర ఒక గంట కూర్చుని రండి.